దాపటి ఎద్దు

ఆ గీత మా బండి నిలిపాకే గీశారు. మిగతాదంతా తర్వాత చెప్తాను, ముందు ఈ మాట రాసి పెట్టాలి. ఈ సంగతి ఇన్నేళ్లలో చాలామందికి చెప్పాను. విన్న ప్రతివాళ్లూ ఎద్దు గురించి అడుగుతారు, గీత గురించి ఒక్కరూ అడగరు. సున్నం మా బండి చక్రం దాకా వచ్చి ఆగింది. చక్రం దాటాక మళ్లీ మొదలైంది. గీత ముందే ఉండి ఉంటే చక్రం దాని మీదికి ఎక్కాలి, ఇనుప పట్టాకు సున్నం అంటాలి. నేను వంగి వేలితో తుడిచి చూశాను. పట్టాకు మట్టి తప్ప ఏమీ లేదు. సున్నం మాత్రం ఇంకా తడిగానే ఉంది.

స్టేట్, అంటే సంస్థానం, చివరి ఏళ్లు అవి. మాకు జగదల్‌పూర్‌లో ఉప్పు, చింతపండు దుకాణం. నాన్న కోంటా దుకాణంలో ఉండేవాడు. ఇక్కడిది అమ్మా నేనూ చూసుకునేవాళ్లం. తొలకరికి కాస్త ముందూ వెనకా ఊళ్లో ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. బడి జట్టు, పోలీసు జట్టు, అడవి శాఖ జట్టు, అప్పుడప్పుడు లారీలో వచ్చే పొరుగూరి జట్టు. మేం దాన్ని బంతాట అనేవాళ్లం. మైదానం చుట్టూ గోడ లేదు, నడుమెత్తు వెదురు తడికె ఉండేది. ఒక పక్క షామియానా. దాని కింద కుర్చీలు అధికారులకు, వెనక బెంచీలు వాళ్ల గుమాస్తాలకు. మిగిలిన ఊరంతా నిలబడి చూడాలి. ముందు వరుసలో లేనివాడికి బంతి పైకి లేచినప్పుడు తప్ప కనిపించదు. అందుకని సంతకొచ్చిన బండ్లవాళ్లు ఒక ఉపాయం పట్టుకున్నారు. బండిని తడికె పక్కకు తెచ్చి నిలిపి, ఎడ్లను విప్పి చక్రాలకు కట్టేసి, బండి మీదెక్కి కూర్చుని చూసేవాళ్లు.

అధికారుల మోటార్లు రెండో మూడో ఉండేవి. వాటికి దారి కావాలని ఒక నియమం పెట్టారు. ఆట ఉన్న రోజు తడికెకు మరీ దగ్గరగా బండి నిలపకూడదు. మరీ దగ్గర అంటే ఎంత దూరమో ఎక్కడా రాసి లేదు. పోలీసు జమాదారు ఆ పూట బకెట్‌తో ఎక్కడ సున్నం పోయిస్తే అదే హద్దు. హద్దు లోపలున్న బండికి జుర్మానా. బండిని ఈడ్చుకుపోవడం కష్టం కాబట్టి పోలీసులు దాపటి ఎద్దును, అంటే జతలో ఎడమ పక్కన కట్టేదాన్ని మాత్రం విప్పుకుపోయేవారు. తీసుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టేవారు. ఊళ్లో అందరూ దాన్ని కాంజీ హౌస్ అనేవారు. ఒక్క ఎద్దుతో బండి కదలదు కదా, బండివాడు తనంతట తానే వెతుక్కుంటూ వస్తాడు.

ఎప్పుడూ దాపటిదే ఎందుకంటే దానికీ లెక్క ఉంది. ఎడమ పక్క అలవాటైన ఎద్దు బతికినంత కాలం ఎడమ పక్కే నడుస్తుంది, కుడిది కుడి పక్కే. ఒక బండిది ఎడమ, ఇంకో బండిది కుడి పట్టుకుపోతే, ఆ ఇద్దరు బండివాళ్లూ మిగిలిన రెండిటినీ జత కట్టుకుని ఒక బండినైనా తోలుకుపోతారు. అన్నీ ఎడమవే పోతే మిగిలినవన్నీ వలపటివే, కుడి పక్కవే. ఏ రెంటినీ కలిపి కట్టలేరు. ఈ ఆలోచన చేసినవాడికి ఎడ్ల గురించి బాగా తెలుసు. తెలిసినవాడు ఇలా చేశాడన్నదే నాకు కోపం.

అంతకు ముందు ఏడాది ఇదే మైదానంలో నేను గుమాస్తాల బెంచీ చివర ఖాళీగా ఉంటే కూర్చున్నాను. ఆట మధ్యలో ఒక గుమాస్తా వచ్చి గొడుగు కొనతో నా భుజం మీద రెండుసార్లు తట్టాడు. ఆ కొనకు ఇత్తడి పొన్ను ఉంది. "లే, ఉప్పు వాసనొస్తోంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఈసారి ఆట చూస్తే మా సొంత బండి మీద కూర్చునే చూడాలని ఆ రోజే అనుకున్నాను.

సొంత బండి అన్నాను గానీ అది మాది కాదు. మాకు కోంటా నుంచి ఉప్పు తోలే మనిషిది. భేజ్జి దగ్గరి పల్లెలో ఉండే దొర్ల తెగ మనిషి, నాన్న కంటే నాలుగైదేళ్లు చిన్న. నేను మామా అని పిలిచేవాణ్ణి, అతను నన్ను చిన్న సావుకారి అనేవాడు. సుక్మా, తోంగ్‌పాల్ మీదుగా ఎనిమిది రోజులు నడిచి వచ్చి, ఆ ఆదివారం పొద్దున మా దుకాణంలో బస్తాలు దించాడు. దించీ దించగానే కాడి సర్దుతున్నాడు.

"మబ్బు పడ్తాంది చిన్న సావుకారి. ఇయ్యాల్నే బండి కడ్త. తొలకరి పడ్డంక నాకు దుక్కి ఆగది."

"ఒక్క పూటకు ఏం మునిగిపోతది మామా? బంతాట చూసినవా ఎన్నడన్న?"

"ఏందది? బంతిని తన్నుడేనా?"

"ఇరవై రెండు మంది తన్నుతరు."

"ఇరవై రెండు మంది కలిసి ఒక్క బంతినా? అయ్యో పాపం!" అని నవ్వాడు. "ఉండు, చూసి పోయి మా ఎడ్లకు చెప్త. మీకన్న ఎక్కువ దెబ్బలు తినేటిది ఉన్నదిరా అని."

అలా ఆగాడు. వెళ్లిపోతానన్న మనిషిని నేను ఆపాను.

మేం మైదానం చేరేసరికి ఇంకా జనం లేరు. సున్నం లేదు, జమాదారు లేడు. తడికె పక్కన మంచి చోటు చూసి బండి పెట్టించాను. మామ దిగి అటూ ఇటూ చూసి అడిగాడు.

"ఈడ ఆపొచ్చునా?"

"మన బండి మామా. మన బండి మీదికెల్లి మనల్ని లేపెటోడెవడు?"

మా తర్వాత వరసగా మరో ఎనిమిది బండ్లు వచ్చాయి. ఆట మొదలైంది. మామ మోకాళ్లు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. బంతి చేతికి తగిలిందని ఈల వేసి ఆట ఆపితే ఎందుకని అడిగాడు, చెప్పాను. కాసేపటికి గోలు దగ్గర నిలబడ్డవాడు బంతిని రెండు చేతులా వాటేసుకున్నాడు. మామ లేచి నిలబడి, "ఆయనకేంది, జుర్మానా లేదా?" అని అరిచాడు. పక్క బండివాళ్లు పడీ పడీ నవ్వారు. "ఆయనకు మాఫీ మామా" అన్నాను. "అట్ల జెప్పు, ఆయన అధికారి అన్నట్టు" అన్నాడు. ఆ మనిషి అంత సంతోషంగా ఉండగా నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత చూసే అవకాశం రాలేదు.

కాసేపటికి గోలు పడింది. మైదానం నాలుగు వైపులా ఒక్కసారి అరుపు లేచింది. అందరం బండ్ల మీద నిలబడి అరిచాం. ఆ అరుపు కోసమే వాళ్లు కాచుకుని ఉన్నారని నా నమ్మకం. అరుపు అణిగాక మామ వెనక్కి తిరిగాడు.

"దాపటిది లేదు" అన్నాడు, మెల్లగా.

నేనూ తిరిగి చూశాను. తొమ్మిది బండ్లు. ప్రతి బండి వెనకా ఒక ఎద్దు కుడి చక్రం దగ్గర నిలబడి ఉంది. ఎడమ చక్రాల దగ్గర గడ్డి ఉంది, పేడ ఉంది, తాడు చుట్ట చుట్టి చక్రం మీద వేసి ఉంది, ఎద్దు లేదు. తొమ్మిది చోట్లా అంతే. ఆ తొమ్మిది ఎడ్లూ ఒకే రకంగా తల ఎడమకు తిప్పి, ఆ ఖాళీ చోటు వంక చూస్తున్నాయి. ఆ చూపు ఎలాంటిదో ఇన్నేళ్లుగా చెప్పాలని ప్రయత్నిస్తున్నాను. వెళ్లిపోయినదాని కోసం చూస్తున్నట్టు లేదు. అక్కడ ఇంకా ఏదో నిలబడే ఉన్నట్టు చూస్తున్నాయి.

జమాదారు గీత చివర బకెట్ పక్కన నిలబడి ఉన్నాడు. నేను దిగి చక్రం చూపించాను, సున్నం ఎక్కడ ఆగిందో చూపించాను. అతను హిందీలో తాపీగా అన్నాడు, "సేఠ్, దుకాణంలో త్రాసు నీది. ఇక్కడ గీత నాది."

"ఎప్పుడు గీసినవ్?"

"నువ్వు అరుస్తున్నప్పుడు" అని అతనే నవ్వాడు. ఒప్పుకున్నాడు! మిగతా ఎనిమిది మంది బండివాళ్లూ విన్నారు. తర్వాత కచ్చేరిలో ఆ మాట అనలేదన్నాడు. ఆ ఎనిమిది మందిలో ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు.

మిగతా ఎనిమిది మందీ ఆ సాయంత్రమే జుర్మానా కట్టి ఎడ్లను తోలుకుపోయారు. మామ కూడా మొలలో ఉన్నది తీయబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"కట్టితే తప్పు చేసినట్టు ఒప్పుకొని వేలిముద్ర వెయ్యాలె మామా. మనం తప్పు చెయ్యలె."

"తప్పుదేముంది చిన్న సావుకారి, వేలే గదా. కడుక్కుంటే పోతది."

"నేను అర్జీ పెడ్త. ఎద్దు నీకు దక్కుతది, మాట మనకు దక్కుతది. నువ్వు కట్టద్దు. నా మీద ఒట్టు."

ఒట్టు అనేసరికి ఆగిపోయాడు. మా అంగడికొచ్చే వాళ్లు ఒట్టు వేసి మరుసటి రోజే మరిచిపోతారు. అతనికి ఒట్టు పెడితే అది కాలికి గుదిబండ కట్టినట్టే. నాకది తెలుసు. తెలిసే పెట్టాను.

కాంజీ హౌస్ ఇంద్రావతికి పోయే దారిలో ఉండేది. చుట్టూ వెదురు కంచె, ఒక మూల పాక. దాన్ని చూసుకునే మున్షీ పెద్దాయన, నెమ్మదస్తుడు. మర్నాడు పొద్దున్నే మేం పోయేసరికి ఆయన చేతిలో పచ్చగడ్డి పట్టుకుని మా ఎద్దు ముందు నిలబడి ఉన్నాడు.

"ముట్టడం లేదు సేఠ్. రాత్రి వేసింది వేసినట్టే ఉంది."

"తోడు లేంది మెయ్యది అది" అన్నాడు మామ. "వలపటిది ఎట్లనన్న తింటది గని ఇది తినది. కోడెగ ఉన్నప్పటి సంది రెండు ఒక్క గాటి కాడనే మేసినయి గద."

దానికి మున్షీయే దారి చెప్పాడు. వలపటిదాన్ని కంచె బయటికి తెచ్చి నిలపమన్నాడు. తెచ్చాం. లోపల ఎడమ పక్క ఇది, బయట కుడి పక్క అది, మధ్యలో వెదురు కంచె. ఇటు గడ్డి వేశాడు, అటు గడ్డి వేశాడు. రెండూ ఒకేసారి తలలు వంచాయి. నమిలేటప్పుడు కంచె సందులోంచి కొమ్ములు తగిలేవి. అప్పటి నుంచి రోజూ పొద్దునా సాయంత్రం మామ వలపటిదాన్ని తోలుకుని అక్కడికి పోయేవాడు. అవి తినేదాకా కంచెకు ఆనుకుని కూర్చునేవాడు, మబ్బు వంక చూస్తూ.

మిగతా వేళల్లో వలపటిది మా పెరట్లో ఉండేది. అంత స్థలం ఉన్నా అది కుడి గోడను రాసుకుని నిలబడేది, ఎడమ పక్కన ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలి. ఆ చోటులో అడుగు పెట్టేది కాదు. రెండు రోజులకు అమ్మ కూడా ఆ చోటు తొక్కడం మానేసింది. చీపురు తెచ్చి చుట్టూ ఊడ్చేది, అక్కడ మాత్రం ఊడ్చేది కాదు. ఎందుకని అడిగితే, "ఏమో, ఎవరో ఉన్నట్టున్నది" అంది.

నేను అర్జీ రాయించాను. కచ్చేరిలో అర్జీలు చూసే పేష్కారు తీసుకుని రేపు రమ్మన్నాడు. రేపు పోతే ఎల్లుండి అన్నాడు. చక్రం బొమ్మ, గీత బొమ్మ వేసి ఇంకో అర్జీ ఇచ్చాను. ఆయన బొమ్మను తిప్పి తిప్పి చూసి, "బండి బాగా గీశావు సేఠ్, ఎడ్లేవి?" అన్నాడు. పక్క గుమాస్తాలు నవ్వారు. వాళ్లలో గొడుగువాడూ ఉన్నాడు. అప్పటికి ఐదు రోజులైంది. దక్షిణాన మెరుపులు మొదలయ్యాయి. మామ మా ఇంటి ముంగిట కూర్చుని నాతో అన్నాడు.

"మా దిక్కు పడ్డది వాన. వాసన వస్తాంది."

"ఇంకో రెండు రోజులు మామా."

"శబరికి నీళ్లొస్తే వాగులు దాటుడు కాదు. దుక్కి పోయినంక ఎద్దొచ్చి ఏం జేస్తది? కట్టేద్దాం చిన్న సావుకారి. ఒట్టు తియ్యి."

నేను తియ్యలేదు.

మర్నాడు పేష్కారు కబురు చెప్పాడు. అర్జీ విచారణకు కచ్చేరి పెద్ద అధికారైన సాహెబు మంగళవారం స్వయంగా కాంజీ హౌస్‌కు వస్తారట. అది విన్న క్షణం నుంచి నా బుర్రలో ఒకటే ఆలోచన. ఆయన వచ్చి చూస్తే ఏం కనిపిస్తుంది? రెండు పూటలా గడ్డి తిని నున్నగా నిలబడ్డ ఎద్దు. పది రోజులు పెట్టుకున్నా దానికేం కాలేదని నవ్విపోతాడు. అదే డొక్కలు ఎండి కనిపిస్తే? జమాదారు చేసిన పని ఆయన కళ్లకు కడుతుంది. అర్జీలో రాయలేనిది ఎద్దు ఒంటి మీద రాసి ఉంటుంది.

ఆదివారం సాయంత్రం వలపటిదాన్ని విప్పబోతున్న మామను ఆపాను. ఆదివారం, సోమవారం తోలుకుపోవద్దని, మంగళవారం సాహెబు చూసి పోయాక మళ్లీ మామూలేనని చెప్పాను.

మామ తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "కడుపు మాడ్చి చూపియ్యాల్నా దాన్ని?"

"నీ ఎద్దును నీకు ఇప్పించనీకే మామా."

"అది నా కోసం చూస్తది గద."

"రెండు రోజులే."

అమ్మ వంటింటి గుమ్మంలోంచి అంతా విన్నది. "ఏందిరా ఇది? నీకు ఎద్దు కావాల్నా, గీత కావాల్నా?" అంది. ఇది కచ్చేరి పని, నీకు తెల్వదన్నాను. "నాకు కచ్చేరి తెల్వదు. ఆకలి తెలుసు" అని లోపలికి పోయింది. మామ తాడు వదిలేశాడు. వలపటిది మేతవేళకు గుమ్మం వైపు తాడు లాగుతూనే ఉంది. సోమవారమంతా లాగింది. మెడ దగ్గర ఒరుసుకుపోయింది. మామ దాని పక్కన, ఆ ఖాళీ చోటు అంచున గొంతుక్కూర్చున్నాడు. రెండు రోజులూ అతను అన్నం వద్దనలేదు, తిననూ లేదు.

మంగళవారం పొద్దున్నే వాన. మామూలు వాన కాదు, తొలకరిలోనే రోడ్లు కాలవలయ్యాయి. నేను గొడుగేసుకుని కచ్చేరికి పోయాను. సాహెబు వాన వెలిశాక వస్తారన్నారు. సాయంత్రం దాకా వెలవలేదు. ఇంటికొచ్చి మామకు, "రేపు తప్పకుండ వస్తడట. ఇంకొక్క పూట ఓపిక పట్టు" అని చెప్పాను. ఎన్నో మాటలు అన్నాను జీవితంలో. వెనక్కి తీసుకోగలిగితే ఒక్క మాట అని ఎవరైనా అడిగితే, ఆ ఇంకొక్క పూట అన్నది తీసుకుంటాను.

బుధవారం మధ్యాహ్నం మున్షీ మా దుకాణం ముందుకు వచ్చాడు. మెట్టు ఎక్కలేదు. వానలో వీధిలోనే నిలబడి, "సేఠ్, లేవడం లేదు" అన్నాడు.

మామ నా వంక చూడకుండా వలపటిదాన్ని విప్పి పరుగెత్తించాడు. మున్షీ కాంజీ హౌస్ తలుపు తీసి వలపటిదాన్నీ లోపలికి రానిచ్చాడు. జుర్మానా మాట, పుస్తకం మాట ఎత్తలేదు. ఎద్దు బురదలో పక్కకు పడి ఉంది. నల్ల మచ్చల తెల్ల ఎద్దు, ఆ రోజు అంతా ఒకే మట్టిరంగు. మామ వలపటిదాన్ని దాని కుడి పక్కకు తెచ్చి నిలిపాడు, కాడి కింద నిలిపినట్టే. గడ్డి పరక నోటికి అందించాడు. అది ముక్కుతో వాసన చూసింది, తినలేదు. దాని తల ఒళ్లో పెట్టుకుని వాళ్ల భాషలో ఏదో చెప్తూ ఉన్నాడు. పొద్దు వాలకముందే దాని కంట్లో మెరుపు పోయింది. వలపటిది అక్కణ్నుంచి కదలలేదు.

మామ అటు కూర్చుని ఉండగా మున్షీ నన్ను పాక పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆదివారం సాయంత్రం నుంచీ కంచె దగ్గరే నిలబడింది సేఠ్. రోడ్డు వంకే చూసింది. పక్కనెవరో వచ్చి నిలబడతారన్నట్టు కుడి పక్కన చోటు వదిలి నిలబడింది. రోడ్డు మీద ఏ ఎద్దు గంట వినిపించినా చెవులు నిక్కబొడిచేది. నిన్న ఆ వానలో పాకలోకి తోలితే మళ్లీ కంచె దగ్గరికే వచ్చింది. ఒక్కసారి అరవలేదు. అరిస్తే నేనే వచ్చి మిమ్మల్ని పిలిచేవాణ్ణి."

మూడు రోజులు మీరెందుకు రాలేదని ఆయన అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు.

మర్నాడు పొద్దున మామ బయల్దేరాడు. ఇంకో ఎద్దు కొనిస్తానన్నాను. తర్వాత చూద్దాంలెమ్మన్నాడు. బండి మా పెరట్లోనే ఉంది. వలపటిదాన్ని పట్టుకుని రోడ్డెక్కాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఎద్దు రోడ్డుకు కుడి అంచునే నడిచింది. దాని ఎడమ పక్కన, ఆ ఇంకోటి నడిచే చోటులో, మామ నడిచాడు.

నాలుగు రోజుల తర్వాత కచ్చేరి నుంచి హుకుం వచ్చింది. జుర్మానా దయతో మాఫీ చేయడమైనది, యజమాని తన పశువును తీసుకుపోవచ్చును. దయతో! గీత ఎప్పుడు గీశారో ఒక్క ముక్క లేదు. నేను దయ అడిగానా? మళ్లీ అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. స్టేట్ పోయింది, ఆ కచ్చేరి పోయింది, జమాదారు ఎక్కడ చచ్చాడో తెలియదు. నాకు ఆ జవాబు ఇంకా బాకీనే.

ఇప్పుడు ఊళ్లో ఆట ఉన్న రోజు అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్లను లారీకెక్కించి తీసుకుపోతారు, జనం పోలీసులతో తగవు పడుతుంటారు. నేను ఆ వీధి దాటి పోతాను. గోలు పడ్డప్పుడు లేచే అరుపు మా ఇంటి దాకా వినిపిస్తుంది. అది అణగగానే వచ్చే నిశ్శబ్దంలో నా మెడ నాకు తెలియకుండానే వెనక్కి తిరుగుతుంది. ఎడమ పక్కకు. అక్కడ ఏదో నిలబడి ఉందనే అనిపిస్తుంది, చూస్తే గోడ ఉంటుంది. అరుపు వినిపించినప్పుడు అమ్మ కూడా చేతిలో పని ఆపేది. ఆమె పోయేదాకా ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఆ ఏడు వానలు వెలిశాక, వాగులు తగ్గాక, నేను ఒక ఎద్దును కొన్నాను. ఎడమ పక్క నడిచినదే, మంచి వయసుది. దాన్ని తోలుకుని, కోంటా వెళ్లే వేరే ఉప్పు బండి వెంట మామ పల్లెకు పోయాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. గీత గురించి, చక్రం గురించి, హుకుంలో ఉన్న దయతో అన్న మాట గురించి. అతనైనా నా పక్షాన ఉంటాడనుకున్నాను.

మామ చేలో సగం బీడుగా ఉంది. మిగతా సగం ఎవరో తమ దుక్కి అయ్యాక దున్ని ఇచ్చారట. ఆలస్యంగా పడిన విత్తనం మోకాలెత్తు లేవలేదు. మామ నన్ను చూసి లేచాడు, మంచం వాల్చాడు, దొప్పలో జావ ఇచ్చాడు. ఆడవాళ్లు పలకరించి లోపలికి పోయారు. ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే నాకు జవాబులు చాలా ఉన్నాయి.

"ఎద్దు తెచ్చిన మామా. దాపటిదే."

దాని పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు, వీపు నిమిరాడు. "మంచిదే. ఇద్దరు కలువనీకి రెండేండ్లు పడ్తది" అన్నాడు. తీసుకెళ్లి వలపటిదాని పక్కన కట్టాడు. వలపటిది తల తిప్పి దాన్ని చూడలేదు. ఒక్క అడుగు కుడికి జరిగింది. కొత్త ఎద్దుకూ దానికీ మధ్య మళ్లీ ఒక ఎద్దు పట్టేంత చోటు మిగిలింది.

"జుర్మానా మాఫీ చేసిండ్రు" అన్నాను.

"మంచిది చిన్న సావుకారి."

హుకుం కాగితం నా జేబులో ఉంది. తీయలేదు. తర్వాత అతను నేల వంక చూస్తూ అడిగాడు.

"ఒకటి అడగాలె అనుకుంటున్న. మున్షీ నిన్ను పక్కకు పిలిచిండు ఆ దినం. నేను చూసిన. నేను పోని ఆ మూడు దినాలు అది ఎట్లున్నది? నా కోసం చూసిందా?"

అబద్ధం ఆడనని నాకు పేరు. ఒక్క గీత కోసం ఊరందరితో తగవు పడ్డవాణ్ణి. మామ ముఖం చూశాను. నా నోట్లోంచి వచ్చే మాట కోసం అతను వానాకాలం నుంచీ కూర్చుని ఉన్నాడని అర్థమైంది.

"లేదు మామా" అన్నాను. "మొదటి పూట నుంచే జరం వచ్చి పండుకున్నదట. ఎటూ చూడలేదట. దానికి సోయి లేదట."

అతను చాలాసేపు తల ఊపుతూ ఉన్నాడు.

"అట్లనా" అన్నాడు. "చూసిందేమో అనుకున్న."

లేచి గడ్డి మోపు విప్పి, రెండు ఎడ్ల ముందూ చెరో కుప్ప వేసి, మూడోది చేతిలోనే పట్టుకుని ఆ ఖాళీ చోటు ముందు నిలబడిపోయాడు.